రంగు వేయని కాలు

ఇదొక మహాకావ్యమని చెప్పి మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఇది ఒక పాత కుర్చీ సంగతి. నిన్న పక్కింట్లో వార్నిష్ వాసన వస్తే గుర్తొచ్చింది.

నారాయణఖేడ్‌లో సెకండ్‌హ్యాండ్‌లో ఎప్పుడో కొన్న కుర్చీకి, నా చిన్నప్పుడు ఒకరోజు నాన్న రంగు వేస్తున్నాడు. నాలుగో కాలు దగ్గర అమ్మ ఆపింది.

"గా కాలు జోలికి పోకు."

"మూడు కాళ్లకే ఏస్తే మంది నవ్వుతరు గదనే!"

"నవ్వనీ. గవి చిన్నోని పండ్ల గాట్లు."

పళ్లొచ్చేటప్పుడు తమ్ముడు కొరికిన కాలు అది. ఆ ఎండాకాలమే వాడు జ్వరంతో పోయాడు. తిరిగొచ్చి మళ్లీ కొరికితే రంగు చేదుగా ఉంటుందని అమ్మ ఆపిందనుకున్నాను నేను. వాడు రాడని అమ్మకు తెలుసు.

నాన్న డబ్బా మూత పెట్టాడు.

కుర్చీ ఇప్పటికీ ఉంది. కుంటుతుంది, కింద అట్టముక్క పెట్టుకుని కూర్చోవాలి.