అక్క మొక్కు, ఫుకెట్ బొప్పాయి పచ్చడి

పోయిన ఆదివారం మా అక్క మనవరాలు నన్ను తిరుపతి బైపాస్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన థాయ్ హోటలుకు పట్టుకుపోయింది. పదమూడేళ్ళ పిల్ల, కూర్చుంటూనే వెయిటర్‌ను పిలిచి, మా తాత నీసు తినడు, కూరల్లో చేప సాసు వేస్తారా వెయ్యరా, ముందు అది చెప్పండి అని నిలదీసింది. శాకాహారానికి వేరే పొయ్యి, వేరే సాసు అని అతను నవ్వుతూ చెప్పాడు. అంత సులువుగా తేలిపోయింది. నాకు మాత్రం ఆ ఏసీలో కూడా చెమటలు పట్టాయి. ఆ ఒక్క ప్రశ్న అడగడం తెలియక ఒకప్పుడు నేనేం చేశానో ఆ పిల్లకు తెలియదు, అది తన పుట్టుకతో ముడిపడి ఉందని అసలే తెలియదు.

చిత్తూరు బస్టాండు దగ్గర ముప్పై ఏళ్ళు టిఫిన్ హోటలు నడిపినవాణ్ణి నేను. ఈ పిల్ల ఇంకా తల్లి కడుపులో ఉన్న రోజుల్లో మా హోటళ్ళ వాళ్ళంతా కలిసి ఫుకెట్ దీవికి అయిదు రోజుల టూరు వేసుకున్నారు. మా ఆవిడ విమానం ఎక్కనని మొండికేస్తే, అమ్మ పోయాక నన్ను పెంచి పెద్దచేసిన అక్కను బయలుదేరదీశాను. అక్కకు రావాలని లేదు. కోడలికి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇప్పుడు ఎనిమిదో నెల, పలమనేరులో పుట్టింట్లో ఉంది. వెంకటేశ్వరస్వామి నెల అని పెరటాసిలో మా వైపు ఎలాగూ నీసు ముట్టరు కదా, అక్క ఆ నియమాన్ని కోడలి కానుపు దాకా పొడిగించుకుని, బిడ్డ క్షేమంగా చేతికొస్తే తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకుంది. "ఆడికొచ్చి నేనేం తినేది రా, నా మొక్కు చెడతాది" అని ఆమె అంటే, తిండి సంగతి నాకొదిలెయ్యమని మాటిచ్చింది నేనే.

టూరు వాళ్ళు మొదటి రెండు రోజులూ మనదేశపు భోజనమని నీళ్ళ పప్పూ, చల్లారిన చపాతీలూ పెట్టారు. అక్క అరటిపళ్ళతోనూ ఇంటినుంచి తెచ్చుకున్న మురుకులతోనూ గడిపింది. నాకు రోషం పొడుచుకొచ్చింది, ఇన్నేళ్ళు పదిమందికి వండిపెట్టినవాణ్ణి, మా అక్కకు ఒక పూట అన్నం పెట్టించలేనా అని. కొత్త ఊళ్ళో మంచి హోటలు పట్టడానికి నాకొక పద్ధతి ఉండేది. బోర్డులు చూడను, మెనూలో బొమ్మలుంటే లోపలికి పోను, ఆటోలవాళ్ళు ఎక్కడ తింటున్నారో చూస్తాను, వంటింట్లో రోటి చప్పుడు వినబడుతుందేమో వింటాను. సముద్రం ఒడ్డున ఉన్న మూడు హోటళ్ళలో రుచి చూసి, చక్కెరా కొబ్బరిపాలూ తప్ప ఏమీ తగలక లేచి వచ్చేశాను. మూడో రోజు మధ్యాహ్నం మార్కెట్టు వెనక సందులో ఆ రోటి చప్పుడు వినబడింది.

రేకుల పంచ, నాలుగు బల్లలు, చేతిలో రోకలితో ఒక ముసలమ్మ. మేము దిగిన లాడ్జి కుర్రవాడి చేత వాళ్ళ భాషలో రాయించుకున్న చీటీ చూపించాను, మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని. ఆమె తల ఊపి, పచ్చి బొప్పాయి కోరు, పచ్చిమిరపకాయలు, నిమ్మరసం, చెనక్కాయ విత్తనాలు వేసి దంచి పెట్టింది. అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "అచ్చం మన రోటి పచ్చడి మాదిరే ఉండాది రా" అని రెండోసారి అడిగి పెట్టించుకుంది. నిజం చెప్పాలంటే నా ముక్కుకు ఏదో వాసన తగిలింది. వాళ్ళ దేశపు ఆకేదో అయుంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు హాయిగా ఉంది.

మర్నాడు కూడా అక్కడికే పోయాం. అక్క తింటుంటే, ఆ పచ్చడి ఎలా చేస్తుందో నేర్చుకుందామని నేను వంటింట్లోకి తొంగిచూశాను. ముసలమ్మ సీసా ఎత్తి రోట్లో ధారగా పోస్తోంది. సీసా మీద చేప బొమ్మ. వేలు తడిపి వాసన చూశాను. చేప సాసే. ఆమె నన్ను మోసం చెయ్యలేదు, చేప వద్దన్నాను, చేప ముక్క వెయ్యలేదు, అంతే. ఆ సాసు ఆమెకు ఉప్పుతో సమానం. మన వంటింట్లోకి ఎవరైనా వచ్చి ఉప్పు వేశావా అని అడుగుతారా?

వంటింట్లోంచి బయటికి అడుగుపెట్టానో లేదో మేనల్లుడి ఫోను. నెల ముందే నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, కారులో వేలూరుకు తీసుకుపోతున్నామన్నాడు. అక్క ప్లేటు పక్కకు నెట్టేసింది. ముఖంలో నెత్తురు లేదు. "నా మొక్కులో యాడన్నా తప్పు జరిగిందేమో రా. ఈడ తినిండే దాంట్లో ఏమీ లేదు కదా? నువ్వు సూసినావు కదా?"

"సూసినానక్కా. ఏమీ లేదు" అన్నాను. చేతికి ఆ వాసన ఇంకా అలాగే ఉంది.

లాడ్జి వరండాలో నాలుగు గంటలు కూర్చున్నాం. అక్క పెదవులు గోవింద నామాలు అంటున్నాయి. చెబితే, జరగరానిది జరిగిందంటే ఆ బిడ్డను తానే పొట్టన పెట్టుకున్నానని చచ్చేదాకా ఏడుస్తుంది. చెప్పకపోతే, ఆమె దేవుడితో మాట్లాడుతున్నది నేను పాడుచేసిన మొక్కు పట్టుకుని. ఫోను మోగినట్టనిపించినప్పుడల్లా లేచేవాణ్ణి, మోగలేదని తెలిసి కూర్చునేవాణ్ణి. స్వామీ, తిన్నది ఆమె అయినా తినిపించింది నేను, లెక్క నా మీద వేసుకో అని మనసులోనే దండం పెట్టుకున్నాను. అంత భయం నా బతుకులో మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

చీకటి పడేముందు కబురొచ్చింది. ఆడపిల్ల, పిడికెడంత ఉంది, అద్దాల పెట్టెలో పెట్టారు, కానీ ఏడ్చింది. అక్క నా భుజం పట్టుకుని బావురుమంది. మర్నాడు బయలుదేరేముందు ఆ ముసలమ్మ చేతి పచ్చడి ఇంకొక్కసారి తిందామని అడిగితే, కొట్టు మూసేసిందని అబద్ధం చెప్పాను.

ఆ తరువాత నేను నీసు మానేశాను. అక్కతో పాటు మెట్లన్నీ నడిచి కొండకు పోయి తలనీలాలిచ్చాను. అందరూ భక్తి అనుకున్నారు. అక్క మాత్రం ఏ పెళ్ళిలోనైనా, ఏ నామకరణంలోనైనా నలుగురు చేరితే చాలు, "ఆ దేశంలో గూడా మా తమ్ముడు నాకు నీసు తగలనీలేదు, నా మనవరాలు బతికిందంటే వాని పుణ్యమే" అని మొదలుపెట్టేది. నేను సాంబారు చూసొస్తానని లేచిపోయేవాణ్ణి. చెప్పేద్దామని ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి ప్రతిసారీ మింగేశాను.

ఇప్పటి పిల్లలు అడగాల్సింది ముందే అడిగేస్తున్నారు, హోటలు వాళ్ళు దాచకుండా చెబుతున్నారు, మంచిదే. అక్క పోయి రెండేళ్ళయింది. ఏ పెళ్ళికి పోయినా ఇప్పుడు నన్నలా పొగిడేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో ఆ మాట చెవిన పడితే తప్పించుకుని లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు ఇంకొక్కసారి ఆమె మొదలుపెడితే, తల వంచుకుని చివరిదాకా వింటూ కూర్చుంటాను.