పద్మజ ఫైళ్లే ఎందుకు పాడయ్యాయి

2019 జూన్‌లో విజయవాడలోని ఒక ప్రైవేటు సర్వే కంపెనీలో సిస్టమ్స్ మేనేజరుగా చేరాను. కృష్ణా డెల్టాలోని పంట కాలువలు, మురుగు కాలువల మ్యాపులను కంప్యూటర్లోకి ఎక్కించడం అక్కడి పని. మ్యాపులన్నీ ఒకే లినక్స్ సర్వర్లో ఉండేవి. జనరల్ మేనేజరు గారు నాకు అప్పజెప్పిన మొదటి పని, పద్మజ అనే ఉద్యోగిని ఫైళ్లు పాడుచేస్తోందని రుజువు చేయడం. కారణం కనుక్కోమనలేదు, గమనించండి. దోషిని ముందే తేల్చేసి రుజువు పట్టుకు రమ్మన్నారు.

పద్మజ పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె తెరిచిన మ్యాపుల్లో అప్పుడప్పుడు కాలువ సగంలో తెగిపోయి, అడ్డదిడ్డంగా గీతలు కనిపించేవి. మేనేజరు గారిని పిలిచి చూపించేలోగా అదే మ్యాపు శుభ్రంగా తెరుచుకునేది. "చెడగొట్టేది నువ్వే, సర్దేది నువ్వే, మళ్లీ తప్పు సర్వర్ మీదికి నెడతావేంటమ్మా?" అని హాల్లో అందరి ముందు కేకలేశారట. ఒకటి రెండుసార్లు ఆమె చూసుకోకుండా సేవ్ చేయడంతో ఆ మ్యాపులు పాడైనట్టే నిలిచిపోయాయి. సేవ్ చేసిన పేరు ఆమెదే కదా, మెమో ఇచ్చి, నెలాఖరుకి పంపించేస్తామన్నారు.

సర్వర్ అమ్మిన డీలరు తరఫు ఇంజనీరు ఫైల్‌సిస్టమ్ తనిఖీ చేసి అంతా బాగుందని రాసిచ్చాడు. ఆ తనిఖీ ఏ ఫైలు ఏ అరలో ఉందో సరిచూస్తుందే కానీ, లోపలి సరుకు చెడిందా లేదా అని చూడదు. తెలియక రాసిస్తే చేతకానితనం, తెలిసి రాసిస్తే మోసం. ఏదైనా సరే, నాకు ఒళ్లు మండింది.

నేను చేసింది మామూలు పని. ఒక మ్యాపును ఎవరూ ముట్టుకోకుండా ఆపి, మెమరీ ఖాళీ చేస్తూ పదేపదే చదివించి చెక్‌సమ్ తీశాను. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైలు మారనిదే అది మారకూడదు. మారింది. ఆ సర్వర్లో పెద్ద డిస్కుల ముందు ఎస్‌ఎస్‌డీ అనే వేగంగా చదివే చిన్న డిస్కును క్యాష్‌గా పెట్టారు. తరచుగా తెరిచే ఫైళ్లు త్వరగా అందేందుకు వాటి నకళ్లు అందులో ఉంటాయి. అసలు ఫైలు మాత్రం పెద్ద డిస్కులోనే ఉంటుంది. క్యాష్‌ను విడదీసి నేరుగా డిస్కు నుంచి చదివిస్తే చెక్‌సమ్ ఒక్కసారీ మారలేదు. ఎస్‌ఎస్‌డీ తప్పుడు నకలు ఇస్తూ, తప్పని చెప్పడం లేదు. కాసేపటికి వేరే ఫైళ్లు వచ్చి ఆ నకలును బయటికి నెట్టేస్తే, డిస్కులోని మంచి ప్రతి తెరుచుకునేది. మేనేజరు గారు చూసింది అదే.

మరి పద్మజ ఫైళ్లే ఎందుకు? క్యాష్‌లోకి ఎక్కేది మళ్లీ మళ్లీ తెరిచే ఫైళ్లు. ఆ హాల్లో అందరికంటే ఎక్కువ పనిచేసేది ఆమె. ఒక మ్యాపు తెరిచి సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకునేవాళ్ల ఫైళ్లు భద్రంగా ఉన్నాయి, మంచి పేరూ వాళ్లకే వచ్చింది!

పద్మజను వెంటబెట్టుకుని మేనేజరు గారి గదికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన విని, "సరేలెండి, మెమో చించేయండి. ఆ ఎస్‌ఎస్‌డీ మార్పించండి" అన్నారు.

పద్మజ కదల్లేదు. "అందరి ముందు అన్నారు కదండీ. కాదనేది కూడా అందరి ముందే చెప్పండి" అంది.

ఆయన విసుక్కుని లేచారు. ఆ మాట చెప్పేదాకా సర్వర్ బాగైందని సంతకం పెట్టనని నేనూ చెప్పేశాను. సంతకం లేనిదే మ్యాపులు చేయించుకుంటున్నవాళ్లకు వాటిని అప్పగించడం కుదరదు. ఆయన హాల్లోకి వచ్చి, గోడకేసి చూస్తూ, "తప్పు మెషీన్‌ది. ఆ అమ్మాయిది కాదు" అని వెళ్లిపోయారు. పద్మజ కూర్చుని తర్వాతి మ్యాపు తెరిచింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫలానా మనిషి ఫైళ్లు పాడుచేస్తున్నారని ఎవరు చెప్పినా, ఆ మనిషి మిగతావాళ్లకంటే ఎంత ఎక్కువ పనిచేస్తున్నారో ముందు అడిగేవాణ్ణి.