జోరమ్మ రాకెట్, ఇరవై ఐదు కిలోలు

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. జోరియానా కోచ్.

ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా "మస్తాన్, రాకెట్ రెడీ?" అంటూ మొదలుపెడతాడు. నిన్న రాకెట్ మాటే ఎత్తలేదు.

నేరుగా విషయం చెప్పాడు. వాళ్ల దేశంలో ఏదో చిన్న టోర్నమెంట్ ఆడి జోరియానా ఇంటికి వెళ్తుంటే మంచు రోడ్డు మీద కారు జారిందట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయిందట.

ఇరవై ఏళ్ల పిల్ల.

షట్టర్ అలాగే వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నా. నేను దుబాయ్‌లో ఒక టెన్నిస్ క్లబ్ షాపులో రాకెట్లకు గట్, అంటే వల తీగ, కడతాను. జోరియానా ఉక్రెయిన్ అమ్మాయి, ప్రొఫెషనల్ ప్లేయర్. చలికాలం వాళ్ల ఊళ్లో కోర్టుల నిండా మంచేనని 2004లో, పదహారేళ్లప్పుడు, వాళ్లమ్మతో ఇక్కడికి ప్రాక్టీస్‌కి వచ్చింది. అప్పటినుంచి ప్రతి చలికాలం వచ్చేది.

మా రూమ్‌లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగక జోరమ్మ అన్నాం. అలా పిలిస్తే పలికేది కూడా.

నేను కొత్తగా చేరిన రోజులవి. నెల్లూరులో మా నాన్న నవారు మంచాలు అల్లేవాడు. ఆ అల్లిక తెలుసనే నాకీ పని ఇచ్చారు. మిషన్ కొత్త, ఇంగ్లిష్ కొత్త, అంతా కొత్తే.

ఇక్కడికి దగ్గర్లోని అల్ ఐన్‌లో టోర్నమెంట్‌కి ముందు జోరమ్మ తన రెండు రాకెట్లూ ఇచ్చి కాగితం మీద 25 అని రాసి వెళ్లింది. ఎంత బిగువు కావాలో ఆ నంబరు. వాళ్ల దేశంలో అది కిలోల్లో లెక్క. మా మిషన్ పౌండ్లలో ఉంది. నేను చూసుకోలేదు. 25 నొక్కి కట్టేశాను.

వేలు పెట్టి చూస్తే వదులుగానే తగిలింది. మా నాన్న అయితే అలాంటి మంచాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు. కానీ కాగితం మీద రాసుంది కదా! గల్ఫ్‌లో మనం కాగితాన్ని ఎదురు ప్రశ్నించం. నోరు మూసుకుని ఇచ్చేశాను.

ఇంకేముంది. గట్ వదులైతే బంతి అదుపు తప్పి ఎగిరిపోతుంది. ఫస్ట్ సెట్‌లో ఒక్క గేమ్ కూడా రాలేదు. కొట్టిన ప్రతి బంతీ గీత దాటి, కంచె దాటి, ఖర్జూరం తోటలో పడింది. ఇంకొకరైతే రాకెట్ నేలకేసి కొట్టి వెళ్లిపోయేవారు. తను చెయ్యి సగమే ఊపుతూ, బంతిని మెల్లగా నెట్ దగ్గర పడేస్తూ సెకండ్ సెట్ గెలిచింది! మూడోది ఓడిపోయింది.

మర్నాడు ముదీర్, అంటే మా మేనేజర్, పిలిచాడు. ఆయన బల్ల మీద నా పాస్‌పోర్ట్ ఉంది. దాని అర్థం ఇంటికి పంపేయడమేనని గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

జోరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. గ్రౌండ్ కుర్రాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీలో "ఖలాస్, ముదీర్. గల్తీ మేరా. మైనే బోలా ఐసా" అంది. తప్పు తనదేనట, తనే అలా కట్టమందట. అబద్ధం! పచ్చి అబద్ధం. ఆ అబద్ధం మీదే నా ఉద్యోగం నిలబడింది.

బయటికొచ్చాక మాత్రం దులిపేసింది. నా బొటనవేలు పట్టుకుని, "దీనికి తెలిసింది కదా మస్తాన్? మరి కాగితాన్ని ఎందుకు నమ్మావు?" అని అడిగింది.

తనైతే ఏ కాగితాన్నీ నమ్మలేదు.

2006లో మోకాలి ఆపరేషన్ అయింది. ఇక ఆడొద్దని డాక్టర్లు రాసిచ్చారు. ఆ చలికాలం ప్రాక్టీస్ గోడ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కూర్చునే బంతి కొట్టింది. లంచ్ బ్రేక్‌లో బంతులు అందించింది నేనే. అన్నం చల్లారిపోయేది. "యల్లా, మస్తాన్, ఇంకొకటి" అనేది.

ర్యాంకింగ్ లిస్టులో ఎక్కడో అడుగున ఉండేది. ఆ లిస్టు కాగితాన్ని చూసి మడిచి, టేబుల్ ఊగకుండా దాని కాలి కింద పెట్టేది.

ఈ ఏడాది ఇక్కడి పెద్ద టోర్నమెంట్ క్వాలిఫయింగ్‌లో ఆడింది. ఫస్ట్ మ్యాచ్‌లో తనకంటే ఎంతో పైనున్న అమ్మాయిని ఓడించింది. గెలవగానే స్టాండ్స్‌లో యూనిఫామ్‌లో ఉన్న నా వైపు బొటనవేలు చూపించింది. నేను అందరిముందూ ఏడ్చేశాను. తర్వాతి మ్యాచ్ ఓడింది. ఓడితే ఓడింది.

నిన్న మా రూమ్‌లో కడప ఖాదర్ భాయ్ నెట్‌లో వార్త చదివి, "ర్యాంకూ రాకపాయ, కప్పూ రాకపాయ. ఏం సాధించినట్టబ్బా, పాపం" అన్నాడు.

పెద్దాయన, మంచి మనసుతోనే అన్నాడు. అయినా నాకు ఒళ్లు మండింది.

"పాపం అనొద్దు భాయ్. ఆ పిల్ల పాపం కాదు" అన్నాను.

మీకూ అదే చెప్తున్నా. కింద కామెంట్లలో ఎవరూ పాపం అని రాయకండి. రాస్తే డిలీట్ చేస్తా. ఆ రెండు లైన్ల వార్త కూడా ఒక కాగితమే.

పోయినసారి వెళ్తూ ఒక రాకెట్ నా దగ్గర వదిలి వెళ్లింది. గట్ తెగింది. "జనవరిలో వస్తా, కట్టి ఉంచు" అంది.

ఈ రోజు పొద్దున కట్టాను. ఇక ఎవరు ఆడతారని ముదీర్ అడిగాడు. నేను రాకెట్‌ని కవర్‌లో పెట్టాను. సాయంత్రం ఫ్లైట్‌కి ఇక్కడుండే కోచ్ ఉక్రెయిన్ వెళ్తున్నాడు, వాళ్లమ్మ చేతికి ఇస్తాడు.

మిషన్ రెండుసార్లు చూసుకున్నాను జోరమ్మా. కిలోలే. ఇరవై ఐదు. వేలు పెట్టి కూడా చూశాను, గట్టిగా ఉంది.

వెళ్లిరా తల్లీ. నువ్వున్న చోట మంచు పడకూడదు, మోకాలు నొప్పి పుట్టకూడదు. అల్లా నీకు చల్లని చోటు ఇవ్వాలి.