బావి ఒడ్డున పెట్టిన పేర్లు

నాకు అక్షరాలు వచ్చింది మనవరాలు బడికి పోయే రోజుల్లో. దాని పక్కన కూర్చుని దిద్దుకున్నాను. ఈమధ్య ఒక వారపత్రికలో చదివాను. నలుగురు ఉన్నచోట ప్రమాదం ముంచుకొస్తుంటే ఎవరూ నోరు విప్పరట. పక్కవాడు చెబుతాడులే అని ఊరుకుంటారట. దానికి చదువుకున్నవాళ్లు ఏదో పెద్ద పేరు పెట్టారు. మా జట్టులో దానికి ఎప్పుడో పేరుంది. "పక్కోని నోరు" అనేవాళ్లం.

మాది బావులు తవ్వే జట్టు. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. పులివెందుల చుట్టుపక్కల రైతులు నీళ్లు అడుగంటిన పాత బావులను ఎండాకాలంలో ఇంకా లోతు చేయించేవాళ్లు. మగవాళ్లు లోపల రాయి పగలగొట్టి గంపలకు ఎత్తేవాళ్లు. గిలక మీద మోకుతో వాటిని పైకి లాగితే, ఆడవాళ్లం మోసుకుపోయి దూరంగా పోసేవాళ్లం. నా మొగుడిది లోపల పని, నాది పైన.

ఇట్లాంటి పేర్లు పెట్టేది నాకు మామ వరసయ్యే ఒక ముసలాయన. సత్తువ తగ్గి గిలక దగ్గర నిలబడేవాడు. మనిషి బుద్ధి ఎటు వంకర పోయినా దానికి ఒక పేరు తగిలించేవాడు. మేస్త్రి ఆవలిస్తే వరసబెట్టి అందరం ఆవలిస్తాం కదా, అది "మేస్త్రి తీర్థం". ఎవరో నవ్వారని ఎందుకో తెలియకుండా నవ్వితే "అరువు నవ్వు". మోకు కొత్తదైతే మగవాళ్లు బావి గోడ వైపు కూడా చూడకుండా దిగిపోతారు, అది "కొత్తమోకు పొగరు". విన్నప్పుడల్లా కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం.

జట్టుకు ఒక కట్టుబాటు కూడా ఉండేది. పొద్దున ఒడ్డున కర్పూరం వెలిగించాక, దిగినవాళ్లు పైకి వచ్చేదాకా అక్కడ చెడ్డమాట అనకూడదు. పడటం, విరగడం, తెగడం, ఇవేవీ నోట రాకూడదు. తాడు తెగినా "పెరిగింది" అనాలి. ఆడవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఆ ఏడు పులివెందులకు పడమర ఒక చేనులో పని. ప్రొద్దుటూరు నుంచి కొత్త మోకు తెచ్చారు. ఆ బావికి పైభాగమంతా మట్టి, కిందంతా రాయి. లోపల మందు పెట్టి పేల్చినప్పుడల్లా పైన మన్ను అదిరేది. ఒకరోజు పొద్దున గంప మోసుకుపోతుంటే ఒడ్డుకు మూరెడు ఇవతల నేలలో నెర్ర కనబడింది. ఎండకు విచ్చిందేమో అనుకున్నాను. మళ్లీ వచ్చేసరికి అందులో నా కాలివేలు పట్టింది. అది ఒడ్డు వెంబడే వంకర తిరిగి పోతోంది. సరిగ్గా దాని కింద, అడుగున, నా మొగుడు సమ్మెట కొడుతున్నాడు.

నా ముందు పోతున్న మా వదిన అక్కడికి రాగానే కాలెత్తి దాన్ని దాటింది.

"వదినా, ఆ నెర్ర చూసినావా?"

"పొద్దున్నే చూసినా. మామ చెప్పింటాడులే, ఆడనే నిలబడుకోని ఉండాడు కదా."

మామ దగ్గరికి పోయాను. "మామా, మేస్త్రికి చెప్పినావా?"

"ఆయప్పకు తెలీకుండా ఉంటాదా పాపా? పొద్దున్నుంచి దాని మింద్నే తిరుగుతాండాడు. కర్పూరం వెలిగించినాంక నన్ను ఏం చెప్పమంటావు?" అని గిలక వైపు తిరిగిపోయాడు. "పక్కోని నోరు" అని పేరు పెట్టినవాడే ఆ మాట అన్నాడు.

అంతలో ఒడ్డు మీద నుంచి పిడికెడు మన్ను జారింది. అడుగున పడిన చప్పుడు వినబడింది. నేను గంప పారేసి, వంగి అరిచాను.

"ఇదో, పైకి రాండి! ఒడ్డు ఇరిగి పడతాది, రాండి!"

లోపలివాళ్లు సమ్మెటలు వదిలేసి పైకి ఎక్కివచ్చారు. ఒడ్డు పడుతుందని నమ్మి కాదు. అట్లాంటి మాట పడిన బావిలో ఉండటానికి భయపడి వచ్చారు.

"నీ నోట్లో మన్ను పడ!" అన్నాడు మేస్త్రి. "ఒడ్డున అనే మాటేనామే అది? మళ్లా టెంకాయ కొట్టాల. అంతలోకి సంగటి తినిపోండి అందురూ."

"నెర్ర చూడు మేస్త్రీ."

"చూసినాలే. పొద్దున్నుంచి చూస్తానే ఉండా."

"మరి లోపలోళ్లకు యాల చెప్పలే?"

"వాళ్లకు కనపడదా ఏంది?"

లోపలి నుంచి చూస్తే కనపడదు. నా మొగుడికి ఆ సంగతే తెలియదు. ఆయన తల దించుకుని కాళ్లు కడుక్కుంటున్నాడు. పెండ్లాం అరుపుకు బావి ఎక్కివచ్చిన సిగ్గు ఆయనది.

సంగటి తింటుంటే ఒకడు నా గొంతు పెట్టి, "పడతాది, రాండి!" అన్నాడు. అందరూ నవ్వారు. నా మొగుడు కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే నేల అదిరింది. పరుగెత్తి పోయి చూస్తే గిలక లేదు, గిలక నాటిన గుంజలు లేవు. దుమ్ము. నా మొగుడు నిలబడిన చోటు మట్టి కింద ఉంది.

మేస్త్రి నా వైపు తిరిగి అన్నాడు, "అన్నింది, పడింది."

అంతే. నలుగురు మగవాళ్లు బతికారన్న మాట ఒక్కరి నోటా రాలేదు. వదిన నా పక్కనుంచి జరిగి దూరంగా పోయి నిలబడింది.

సాయంత్రం మామను అడిగాను, "నేను అరిస్తే పడిందా మామా?"

"కాదులే పాపా. దీన్ని కప్ప నేరం అంటారు. కప్ప అరిసినాంక వానొచ్చి ఇల్లు కూలితే, కప్పను పట్టుకోని కొట్టినట్ల."

"ఆ మాట మేస్త్రితో చెప్పు."

"నేనా?" అన్నాడు మామ. "నీ మొగుడు చెప్పరాదా?"

నా మొగుడు చెప్పలేదు. నన్ను బావి ఒడ్డుకు రావద్దన్నారు. జట్టు జమ్మలమడుగు వైపు పనికి పోయింది. ఈ పని వద్దు, కూలికి పోదామని ఆయన కాళ్లు పట్టుకున్నాను. "నీ నోరు ఆడ ల్యాకుంటే ఏమీ కాదు" అన్నాడు. ఆ ఎండాకాలమంతా నిజంగానే ఏమీ కాలేదు. దాంతో నా నోరే కీడని అందరూ ఖాయం చేసుకున్నారు.

మళ్లీ ఏడు పులివెందుల నుంచే కబురు వచ్చింది. బయలుదేరే పొద్దున నేను ఎదురు రాకూడదని ఆయన నన్ను ఇంట్లోకి పొమ్మన్నాడు. పోయాను.

ఆ బావి నుంచి ఆయన పైకి రాలేదు. ఒడ్డు పడింది. చెప్పడానికి వదిన వచ్చింది. గుంజకు తల కొట్టుకుని ఏడుస్తూ ఒకే మాట అంటూ ఉంది.

"అందురం చూసినాం మే. ముందు దినం నుంచి చూస్తానే ఉండాం."