మీసం మార్కు

మా బావ ఎదుటివాళ్ళ మొహం చూసి నొప్పికి మార్కులు వేస్తాడు. పశువుల డాక్టరు కాబట్టి పిల్లులకి వెయ్యాలి. కానీ పిల్లులు క్లినిక్కుకి ఎప్పుడో గాని రావు. మేమేమో ఇంట్లో రోజూ దొరుకుతాం.

ఇదంతా కొత్త పరిశోధన పుణ్యం. పిల్లి తన నొప్పిని నోరు విప్పి చెప్పుకోలేదు కదా, అందుకని దాని చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల వాల్చిన తీరు చూసి ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు వెయ్యాలట. మార్కులు పెరిగితే నొప్పి ఎక్కువన్నమాట. దాని గురించి పత్రికలో చదివిన రోజు నుంచీ మా అక్క కాపురం పరీక్ష హాలైపోయింది.

"తల పగిలిపోతోందండీ" అంది అక్క ఓ పొద్దున.

బావ కళ్ళజోడు సవరించుకున్నాడు. "చెవులు నిటారుగానే ఉన్నాయే! ఒక్క మార్కు. కాఫీ పెట్టొచ్చు."

ఆ కాఫీ ఆయన నెత్తిన పడకపోవడం ఆయన అదృష్టం.

నన్నూ వదల్లేదు. పన్ను పీకించుకుని బుగ్గ వాచి ఇంటికొస్తే, గడ్డం పట్టుకుని లైటు కిందికి లాక్కెళ్ళాడు.

"ఒరేయ్, మీసం ఎందుకు గొరిగావురా? ఇప్పుడా మార్కు ఎలా వెయ్యను?"

"బావా, నొప్పితో చస్తున్నాను!"

"ఉండరా, లెక్క తేలనీ. మీసం లేనివాళ్ళ మీద పరిశోధన ఇంకా జరగలేదు."

టీవీలో మంత్రిగారు, "ప్రజల కష్టాలు చూస్తుంటే గుండె తరుక్కుపోతోంది" అన్నప్పుడు మాత్రం బావ పక్కున నవ్వాడు. "సున్నా! ఇంత పెద్ద మీసం, వెంట్రుక కూడా కదల్లేదు."

ఓ సాయంత్రం నేను క్లినిక్కులో ఉండగా, రిటైరైన లైబ్రేరియన్ ఒకావిడ ముసలి పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చింది. దాని పాలగిన్నె కూడా తెచ్చింది, ఎందుకో పాపం.

"దీనికి ఒళ్ళంతా నొప్పులు డాక్టరుగారూ. చూడలేకపోతున్నాను. సూదేసి శాశ్వతంగా నిద్రపుచ్చేయండి."

బావ పిల్లిని బల్ల మీద పెట్టి ఒళ్ళంతా తడిమాడు, కీళ్ళు కదిపి చూశాడు, మొహం పరీక్షించాడు. పిల్లి ఆయన స్టెతస్కోపు గొట్టంతో ఆడుకోవడం మొదలెట్టింది.

"సున్నా" అన్నాడు. తర్వాత తలెత్తి ఆవిడ మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. ఈవిడనీ మీసం గురించి అడుగుతాడేమోనని భయపడ్డాను.

"అమ్మా, నొప్పి దీనికి కాదు, మీకు. ఎక్కడ?"

ఆవిడ కుర్చీలో కూలబడింది. "నడుముకి ఆపరేషనన్నారు. లేచి తిరగడానికి నెలలు పడుతుందట. ఉండేది నేనొక్కదాన్నే. దీన్నెవరు చూస్తారు బాబూ? వీధిలో తిండిలేక పోయేకన్నా..."

"బాగుందండీ వరస!" బావ కస్సుమన్నాడు. "ముసలి పిల్లి మొహాల మీద పరిశోధన చెయ్యాలని నేనెప్పట్నుంచో వెతుకుతుంటే, మీరు చంపేస్తానంటారేమిటి? మీరు లేచి తిరిగేదాకా ఇది నా దగ్గరే ఉండాలి. సైన్సుకి ఆ మాత్రం సాయం చెయ్యలేరా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని సాయం చెయ్యడానికి ఒప్పుకుంది.

పిల్లులంటే గిట్టని మా అక్క ఇంట్లో పిల్లి సోఫా ఆక్రమించింది. ఇక పరిశోధన అంటారా, పొద్దున చేపలో ముళ్ళు తీసి పెట్టడం, సాయంత్రం ఆస్పత్రికి ఫోన్ చేసి "ఇవాళా సున్నానే, మీరు నిశ్చింతగా ఉండండి" అనడం. అంతే.

చివరికి ఆవిడ చేతికర్రతో నడిచి వచ్చింది. పిల్లి ఒక్క దూకులో ఆవిడ కాళ్ళకి చుట్టుకుంది. బావ ఇద్దరి మొహాలూ చూసి, "సున్నా! సున్నా!" అని ప్రకటించి, బుట్టని స్వయంగా టాక్సీలో పెట్టి వచ్చాడు. తర్వాత సోఫా మీది బొచ్చు దులుపుతానంటూ వెళ్ళి, దులపకుండా దాని పక్కనే కూర్చున్నాడు.

నేను ఆయన గడ్డం పట్టుకుని లైటు వైపు తిప్పాను. "చెవులకి రెండు. కళ్ళకి రెండు. మూతికి రెండు. మీసమైతే పూర్తిగా వాలిపోయింది బావా!"

"వదలరా వెధవా! బావల మీద పరిశోధన ఇంకా జరగలేదు."

"పెళ్ళయిన రోజు నుంచీ జరుగుతూనే ఉంది లెండి" అంటూ వంటింట్లోంచి అక్క వచ్చింది. ఆమె చేతిలో పాలగిన్నె ఉంది. "ఇది నేనే దాచాను. చెప్పులేసుకోండి, ఆవిడకి ఇచ్చొద్దాం."

బావ మీసం ఠక్కున లేచింది.