స్టీనా పోసిన మూడు గ్లాసులు

మా కొలోన్ ఊరివాళ్ళు తాగే కోల్ష్ బీరును చూసి నవ్వేవాళ్ళు చాలామందే ఉన్నారు. మ్యూనిక్ నుంచి వచ్చినవాడు మా సన్నటి గ్లాసును రెండు వేళ్ళతో ఎత్తి, "ఇది తాగడానికా, పుక్కిలించడానికా?" అంటాడు. డుసెల్‌డార్ఫ్ వాడికైతే నవ్వడం కూడా దండగే, మొహం తిప్పుకుని పోతాడు. పోనివ్వండి. వాళ్ళ ముదురు రంగు బీర్లలో మాడిన వాసన, చేదు, తీపి ఇన్నుంటాయి, ఏ తప్పు జరిగినా వాటి చాటున దాక్కుంటుంది. కోల్ష్‌కి ఆ చాటు లేదు. గ్లాసుకి అవతల కూర్చున్న మనిషి మొహం కనపడేంత తేటగా ఉంటుంది. పీపా కాస్త నిలవున్నా, గ్లాసుకి కాస్త జిడ్డంటినా నాలిక మీద పడగానే బయటపడుతుంది. ఆ తేలికదనాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో తెలియనివాళ్ళే దాన్ని నీళ్ళంటారు. సెవెరిన్ వీధిలో స్టీనా ఎస్సర్‌కి మాత్రం బాగా తెలుసు. ఆవిడ పగంతా దాని మీదే నడిచింది.

స్టీనా మొగుడు మాటెస్, ఓడెన్‌థాల్ బీరు ఇంట్లో కుళాయి మనిషి, అంటే పీపా కుళాయి తిప్పి గ్లాసుల్లో పోసేవాడు. యుద్ధంలో ఆ ఇంటి పైకప్పు ఎగిరిపోతే, గోడల మధ్య గుడ్డ కట్టి, దాని కింద పీపా పెట్టి పోసినవాడు. బల్ల మీద పీపా, దాని ముందు మాటెస్, అతని చుట్టూ నీలం ఏప్రన్లు కట్టుకున్న వడ్డనవాళ్ళు. అతను పోస్తే నురుగు గ్లాసు అంచుకి ఇలా అంటీ అంటనట్టు నిలబడేది. మితభాషి. బీరు గురించి తప్ప దేని గురించీ గొంతు పెంచి ఎరగడు.

కుళాయి కింద ఒక పళ్ళెం ఉంటుంది. పోసేటప్పుడు ఒలికింది, కారింది అందులో పడుతుంది. సాయంత్రానికి చచ్చిన బీరు అది, కాలవలో పారబోయాల్సిందే. ఆ పళ్ళెం బీరును మళ్ళీ మనుషుల చేత తాగించడం కన్నా నీచమైన పని కొలోన్‌లో ఇంకోటి లేదు. ఆల్‌ఫ్రెడ్ ఓడెన్‌థాల్ ఆ పనే చేశాడు. తండ్రి పోయి ఇల్లు చేతికొచ్చిన కొత్త, కక్కుర్తి మనిషి. పళ్ళేలూ, గ్లాసుల అడుగులూ ఒక బానలోకి వంపించి, తనే నేలమాళిగలోకి దిగి, మాటెస్ లేని పూట తెరిచే పీపాల్లో కలిపేవాడు.

మాటెస్ ఒకరోజు పీపా తెరిచి, వాసన చూసి, కుళాయి కట్టేశాడు. "ఇది నేను పొయ్యను" అన్నాడు యజమానితో. అంతకు ముందు నుంచే మూల బల్ల దగ్గరి పాత ఖాతాదార్లు రుచి మారిందని గొణుగుతున్నారు. వాళ్ళ పెద్ద హామాకర్, ట్రాము డ్రైవరు, గట్టి నోరు. మర్నాడు ఓడెన్‌థాల్ ఆ బల్ల దగ్గరికి తనే వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"దొంగ దొరికాడండీ. మాటెస్! నెలల తరబడి పళ్ళెం బీరు పోస్తున్నాడు. తీసి బయట పడేశాను."

"మీ ఇంట్లో మీకు తెలియకుండానే?" అన్నాడు హామాకర్.

"రోజూ నేనూ అదే తాగాను కదయ్యా! నాకేం తెలిసింది? అసలీ బీరుకి రుచి ఏడిస్తే కదా తెలియడానికి. నీళ్ళకి తమ్ముడు. దాంట్లో ఏం కలిపినా కనుక్కునే నాలిక ఇంకా పుట్టలేదు."

ఆ మాటకి మూల బల్ల నవ్వింది, నవ్వి నమ్మింది. మాటెస్ వచ్చి నిజం చెప్పబోతే హామాకర్ అతని బూట్ల మీద ఉమ్మేశాడు. ఆ తర్వాత ఊళ్ళో ఏ ఇల్లూ అతన్ని కుళాయి దగ్గరికి రానివ్వలేదు. రేవులో బస్తాలు మోశాడు. దారిలో పిల్లలు "పళ్ళెం మాటెస్" అని అరిచేవాళ్ళు. అతను బీరు తాగడం మానేశాడు. రొమ్ములో నెమ్ము చేరి పోయే ముందు, ఆసుపత్రి మంచం మీద స్టీనా చెయ్యి పట్టుకుని, "నేను పొయ్యలేదే" అన్నాడు. ఆవిడ నమ్ముతోందో లేదోనని అప్పటికీ అతనికి భయం! ఆ భయం పెట్టినవాణ్ణి స్టీనా క్షమించలేదు. క్షమించాలని కూడా ఆవిడకి ఏ రోజూ అనిపించలేదు.

అంత్యక్రియలైన కొన్నాళ్ళకి ఆవిడ నల్లబట్టల్లోనే ఓడెన్‌థాల్ దగ్గరికి పని అడగడానికి వెళ్ళింది. వీధంతా ముక్కున వేలేసుకుంది. ఓడెన్‌థాల్ మాత్రం పొంగిపోయాడు. అందరూ వింటుండగా, "మొగుడి తప్పు పెళ్ళాం మీద రుద్దే రకం కాదు నేను. గ్లాసులు కడుక్కో" అన్నాడు. స్టీనా తల వంచుకుని, "మీ దయ" అంది. ఆ రెండు మాటలూ గొంతులోంచి రావడానికి ఆవిడ ఎంత దిగమింగిందో గోడలకే తెలియాలి.

ఏళ్ళ తరబడి కడిగింది. వేణ్ణీళ్ళలో వేళ్ళు ఉబ్బి ఉంగరం పట్టక దాన్ని తాడు కట్టి మెళ్ళో వేసుకుంది. ఒక్క గ్లాసు మీద కూడా పెదవి మరక ఉండేది కాదు. మాటెస్ తర్వాత వచ్చిన కుళాయి మనిషి భుజం పడిపోయిన ఏడాది, వేరే దిక్కులేక ఆవిణ్ణి పీపా ముందు నిలబెట్టారు. ఆడదేంటి, పీపా ఏంటి అని మూల బల్ల రెండు వారాలు నసిగింది. తర్వాత గ్లాసు మీద గ్లాసు తాగి నోరు మూసుకుంది. మాటెస్ పోసినట్టే పోసేది. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు, అనకూడదని అందరికీ తెలుసు.

ఈలోగా కాలం తిరిగింది. తేలిక బీరుకి గిరాకీ వచ్చింది. హాంబర్గ్ నుంచీ బెర్లిన్ నుంచీ వచ్చి, కళ్ళు మూసుకుని చప్పరించి, ఆహా ఓహో అనడం మొదలెట్టారు. ఓడెన్‌థాల్ వెంటనే పెద్దమనిషి వేషం కట్టాడు. కోల్ష్‌ని ఇన్నాళ్ళూ లోకం చిన్నచూపు చూసిందనీ, దాని సున్నితం తెలిసిన నాలికలు కొన్నే ఉన్నాయనీ పత్రికలవాళ్ళకి చెప్పేవాడు. తన నాలిక వాటిలో మొదటిదని వేరే చెప్పాలా! స్టీనా పీపా వెనక నిలబడి అవన్నీ వింటూ ఉండేది. ఆ నోరు ఎంత పెద్దదైతే తన పని అంత తేలికని లోలోపల సంతోషించేది.

బీరు ఇంటికి నూరేళ్ళు పూర్తయిన పండగ వచ్చింది. ఊళ్ళోని మిగతా బీరు ఇళ్ళ యజమానులూ, పత్రికలవాళ్ళూ, చర్చి ఫాదరూ, మూల బల్ల మొత్తం వచ్చారు. ఆపిల్ కలిపిన బంగాళాదుంప ముద్ద మీద వేయించిన పంది రక్తపు సాసేజీ ముక్కలు పెట్టిన ప్లేట్లు తిరుగుతున్నాయి. ఓడెన్‌థాల్ కుర్చీ ఎక్కి ఉపన్యాసం దంచాడు. కొత్త పీపా నుంచి మొదటి గ్లాసు యజమానిది, అది ఆనవాయితీ.

స్టీనా ముందు రోజు పళ్ళెం బీరును ఒక కూజాలో పోసి దాచింది. దాన్ని పీపా చాటున గ్లాసులోకి వంపే ముందు ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మాటెస్ చచ్చినా చెయ్యని పని ఇది. చెయ్యకపోతే మాటెస్ పేరు ఎప్పటికీ పళ్ళెం మాటెసే. వంపింది. పైన రెండు వేళ్ళ మందం తాజా నురుగు పట్టి అందించింది.

ఓడెన్‌థాల్ గ్లాసెత్తి ఒక గుక్క వేశాడు. మొహం రాయిలా అయిపోయింది. ఉమ్మేస్తాడనుకుంది స్టీనా. కానీ ఎదురుగా అన్ని కళ్ళు, అన్ని కెమెరాలు. తేలు కుట్టిన దొంగలా మింగి, "అద్భుతం!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అతను గ్లాసు ఖాళీ చెయ్యగానే, అడక్కుండానే ఇంకోటి ముందు పెట్టింది, మా ఊరి పద్ధతి అదే కదా. రెండోది కళ్ళు మూసుకుని తాగాడు. మెడ మీద చెమట పట్టింది. మూడోది ముందుకొచ్చింది.

"ఏంటండీ, సొంత బీరు దిగట్లేదా?" అని మూల బల్ల నుంచి హామాకర్ కేక పెట్టాడు. ముసలాడై చెవులు మందగించినా నోరు మాత్రం అలాగే ఉంది. "అమ్మాయ్, ఆయనకి స్ట్రా ఇవ్వు, పీల్చుకుంటాడు!"

గది గొల్లుమంది. ఓడెన్‌థాల్ మూడోది సగం తాగి, బల్ల మీదకి వంగి పళ్ళ మధ్యనుంచి బుసకొట్టాడు. "ఏం పోస్తున్నావే నాకు?"

"కోల్ష్ అండీ. ఏం, తేడాగా ఉందా?"

"నీకు తెలుసు ఏం పోస్తున్నావో."

"నాకేం తెలుస్తుందండీ, గ్లాసులు కడుక్కునేదాన్ని. మీరే చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి, హామాకర్ గారికి వినపడదు."

అప్పుడు అతనికి ఒళ్ళు తెలియలేదు. గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి అరిచాడు. "పళ్ళెం బీరు! నా పండగ రోజు నాకే పళ్ళెం బీరు పోస్తావా, దొంగముండా? మొదటి గుక్కలోనే కనిపెట్టాను!"



"మొదటి గుక్కలోనే?" అంది స్టీనా. "మరి మాటెస్ అప్పుడు నెలల తరబడి పోస్తుంటే, రోజూ తాగి, ఎందుకు కనిపెట్టలేదండీ? కనుక్కునే నాలికే పుట్టలేదన్నారే?"

హామాకర్ కర్ర పట్టుకుని లేచి, నెమ్మదిగా బల్ల దాకా వచ్చి, ఆ సగం గ్లాసు తీసి నాలిక మీద వేసుకున్నాడు.

"అదే" అన్నాడు. "అప్పటి రుచే. నీకు తెలుసురా ఆల్‌ఫ్రెడ్. నీకు మొదటినుంచీ తెలుసు, అది కలిపింది నువ్వే." ఆ తర్వాత స్టీనా వైపు తిరిగాడు. "అమ్మాయ్, మాటెస్ బూట్ల మీద నేను..."

"తెలుసు. ఇంటికొచ్చాక వాటిని నేనే తుడిచాను" అంది స్టీనా. "మీ ఏడుపు నాకొద్దు. వెళ్ళి వీధిలో చెప్పండి, ఎవడు పోశాడో. అప్పుడు పిల్లలు అరిచినంత గట్టిగా చెప్పండి."

ముసలాయన చెప్పాడు. గుమ్మంలో నిలబడి, ట్రాము ఆపే గొంతుతో అరిచాడు. అతిథులు ఒక్కొక్కరే తమ గ్లాసుల కింది అట్టముక్కలు తీసి వాటి మీద పెట్టి లేచారు. ఇక చాలు, పొయ్యొద్దు అనడానికి గుర్తు అది. నిండు గ్లాసుల మీద పెట్టడం ఆ ఇంట్లో అదే మొదలు. స్టీనా అవన్నీ చూసింది. కడుపు చల్లబడింది. అంతమంది ముందు ఆ మనిషి ఒంటరిగా నిలబడడం ఆవిడకి తీయగా ఉంది, అందులో దాచుకోడానికి ఏమీ లేదు. తర్వాత ఏప్రన్ విప్పి పీపా మీద వేసి ఇంటికి వెళ్ళిపోయింది.

చలికాలం వచ్చేసరికి ఓడెన్‌థాల్ ఇంట్లో ఈగలు కూడా లేవు. స్టీనా పోస్తేనే తాగుతామని మూల బల్ల కబురు పంపింది. ఆదివారం కోటు వేసుకుని అతను ఆవిడ రెండు గదుల ఇంటి మెట్లెక్కాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"రా స్టీనా. కుళాయి నీదే. మాటెస్ బొమ్మ గోడకి పెట్టిస్తాను. ఏం కావాలంటే అది."

"రాను."

"ఇంకా కసి తీరలేదా?"

"తీరింది. హాయిగా నిద్రపడుతోంది."

"మరింకేంటి?"

"పళ్ళెం బీరు పోసిన చెయ్యి మళ్ళీ కుళాయి ముట్టుకోకూడదండీ. నేను పోశాను."

ఎత్తిపొడుస్తోందనుకుని అతను తల దించుకున్నాడు. ఆవిడ ఎత్తిపొడవలేదు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ పీపా ముందు నిలబడడం కన్నా ఆవిడకి ఇష్టమైన పని ఈ లోకంలో ఇంకోటి లేదు.

"నాకొక్కడికే కదే పోశావు!" అన్నాడు ఓడెన్‌థాల్.

"మాటెస్ ఆ ఒక్కడికి కూడా పొయ్యలేదు" అని స్టీనా తలుపేసుకుంది.