పదకొండు భాగాల కర్కోటకుడు

పదహారేళ్ల వయసులో ప్రేమ గురించి నాకు తెలియని విషయం లేదు. ఆ రోజుల్లో పెనుగొండలో మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. నేను రోజూ కాలేజీ బస్సులో తణుకు వెళ్లి ఇంటర్ చదివేదాన్ని. ఇంటికొచ్చాక కెమిస్ట్రీ పుస్తకం అడ్డం పెట్టుకుని, ఫోనులో కథల యాప్‌లో మారుపేరుతో ప్రేమ సీరియల్ రాసేదాన్ని. హీరోకి నీలికళ్లు (పెనుగొండలో ఎవరికుంటాయని అడక్కండి). హీరోయిన్ నాకంటే రెండంగుళాలు పొడుగు. ఆమె తండ్రి మాత్రం పరమ కర్కోటకుడు. ప్రేమకథలో తండ్రి అలాగే ఉండాలని నా గట్టి నమ్మకం. హీరోకి అసలు మూలం మా బస్సులో కిటికీ పక్కన కూర్చునే పొడుగబ్బాయి. వాళ్లకి రొయ్యల చెరువులు. ఏడాదిలో అతను నాతో మాట్లాడింది ఒక్కసారే, 'కాస్త జరుగుతారా అండీ' అని. దాన్నే నేను రెండు భాగాలుగా రాశాను.

నా సీరియల్‌కి నికరమైన పాఠకుడు ఒక్కడే. పేరుండదు, గులాబీ పువ్వు బొమ్మ ఉంటుంది. ప్రతి భాగం కిందా తప్పకుండా రాసేవాడు. 'హీరో మూడు భాగాల నుంచీ వానలోనే నిలబడ్డాడు, జ్వరం వస్తుందండీ' అని ఒకసారి, 'ఆ అమ్మాయి తండ్రి పుట్టుకతోనే అంత చెడ్డవాడా అండీ?' అని ఇంకోసారి. ఆ అండీలు, ఆ సున్నితం చూసి ఇది పొడుగబ్బాయే అని తేల్చేసుకున్నాను. మర్నాడు బస్సులో ధైర్యం కూడగట్టుకుని అతని దగ్గరికెళ్లి, అర్థం స్ఫురించేలా, "వానలో తడిస్తే జ్వరం వస్తుందా అండీ?" అన్నాను. అతను ఉలిక్కిపడ్డాడు. "వానా? ఇవాళ వానుందని చెప్పారా అండీ?" అంటూనే ఫోను తీసి, "నాన్నా, వానంట! ఏరియేటర్లు వేయించండి, లేకపోతే నీళ్లలో గాలి చాలక రొయ్యలు పైకి తేలిపోతాయి" అని అరిచాడు. బస్సంతా ఆకాశం కేసి చూసింది. మబ్బు తునక లేదు. నా నీలికళ్ల హీరో ఆ కిటికీ దగ్గరే కాలం చేశాడు.

అయినా సీరియల్ ఆపలేదు (రచయిత్రులకి బాధ్యత ఉంటుంది). పదకొండో భాగంలో హీరోయిన్‌ని ఇంట్లోంచి పారిపోయేలా చేసి, నిడదవోలు స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, 'వచ్చే భాగంతో సమాప్తం' అని ప్రకటించాను. ఆ ఆదివారం మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్లాను. ఒకావిడ "అరకేజీ కందిపప్పండీ" అని మూడోసారి అడుగుతోంది. నాన్న వినడం లేదు. ఒంటి వేలితో ఫోనులో ఏదో కొడుతున్నాడు. వెనకనుంచి తొంగి చూశాను. గులాబీ పువ్వు! దాని పక్కన, 'ఆ పిల్లని రైలు ఎక్కించకండి. వాళ్ల నాన్న తట్టుకోలేడండీ.'

నా చేతిలో క్యారేజీ గిన్నెలు గణగణమన్నాయి. నాన్న గభాలున ఫోను బోర్లించి కళ్లు తుడుచుకున్నాడు. "ఎండుమిరపకాయల ఘాటమ్మా" అన్నాడు. మిరపకాయల బస్తా కొట్టు అవతలి మూల ఉంది, మూతి కట్టేసి.

ఇంటికొచ్చి, అప్పటికే రాసి పెట్టుకున్న గుళ్లో పెళ్లి, పూలవాన అంతా చెరిపేశాను. హీరోయిన్ ప్లాట్‌ఫారం మీంచి తండ్రికి ఫోను చేసింది. పదకొండు భాగాలు ఉరిమిన ఆ మనిషి, "అన్నం తిన్నావా అమ్మా?" అని మాత్రం అడిగాడు. ఆమె ఇంటికి తిరిగొచ్చింది. హీరో డిగ్రీ పూర్తయ్యాక మాట్లాడుకుందామన్నారు. 'ఇది ప్రేమ కథా, పేరెంట్స్ మీటింగా?' అని ఎవరో కింద తిట్టిపోశారు. గులాబీ పువ్వు మాత్రం రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న అమ్మతో అన్నాడు, "ఫోనులో ఒక కథ చదివానే. ఎవరో పెద్దావిడ రాసింది. ఆడపిల్లల్ని పెంచిన మనిషే అయ్యుంటుంది." తర్వాత నాకేసి తిరిగి, "నువ్వూ చదవమ్మా, పరీక్షలయ్యాక" అన్నాడు. "అలాగే నాన్నా" అన్నాను తలెత్తకుండా.

ఇన్నేళ్లలో ఆయనకి చెప్పలేదు. మొన్న ఆ సీరియల్ మళ్లీ తీసి చదివితే, ఆ పదహారేళ్ల రచయిత్రిని కూర్చోబెట్టి రెండు జడలూ పట్టి లాగాలనిపించింది. పేజీ పేజీకీ దిద్దుకుంటూ, నవ్వుకుంటూ పోయాను. ప్లాట్‌ఫారం మీది ఆ ఫోను మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోబుద్ధి కాలేదు.